బ్యారేజీ నుంచి మొగ దాకా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నీ ఉద్యోగ అనుభవాలు అరగంట చెప్పవయ్యా, పిల్లలకు కాస్త స్ఫూర్తిగా ఉండాలి" అన్నారు. స్ఫూర్తి సంగతి నాకు తెలియదు. ముప్పై ఏళ్లుగా నీటిపారుదల శాఖలో కాలువలు, తూములు, మురుగు కాలువలు చూసుకుంటున్నవాణ్ణి. నాకు బాగా తెలిసింది బురద. దాని గురించే మాట్లాడతాను. ఇంకా సర్వీసులోనే ఉన్నాను కాబట్టి, ఇవన్నీ నా సొంత మాటలే గాని శాఖ మాటలు కావని ముందే మనవి చేసుకుంటున్నాను.

జేబులో ఒక వస్తువు తెచ్చాను. వెనక వాళ్లకు కనపడదు, చెబుతాను. ఆల్చిప్ప. మా అమ్మది. మధ్యలో రాతి మీద అరగదీసి చిల్లు పెట్టారు. ఆ చిల్లు అంచుతో మామిడికాయ చెక్కు తీసేవాళ్లు. ఆవకాయ రోజుల్లో మాగాయ ముక్కలకు మా ఇంట్లో పీలర్ ఇదే. ఇలాంటిదాంతోనే మా చెల్లెలికి ఉగ్గు పోసేవాళ్లు. మన తెలుగు మాస్టారు స్వాతి చినుకు ముత్యమయ్యే కథ చెప్పినప్పుడు, మా ఇంట్లో ఉన్నదానిలో ముత్యం ఎందుకు లేదని అడిగి నవ్వులపాలయ్యాను. ఇది నున్నటి రకం. దీని దాయాది ఒకటుంది, గరుకుగా, వంకరటింకరగా, నది సముద్రంలో కలిసే మొగల్లో రాళ్లను, కొయ్యలను, మడచెట్ల వేళ్లను కరుచుకుని పెరుగుతుంది. అది ఆయిస్టర్. మనం రెండింటినీ ఆల్చిప్ప అనే అంటాం. ఇవాళ చెప్పబోయేది ఆ రెండోదాని ఊరి గురించి. అది మా ఊరు కూడా.

నేను పుట్టింది దివిసీమలో, కోడూరు దాటాక సముద్రానికి దగ్గర్లో ఉన్న చిన్న ఊళ్లో. 1977 నవంబరు 19 శనివారం నాటికి నాకు ఏడేళ్లు. పొద్దుటినుంచి గాలి. మధ్యాహ్నానికి మా నాన్న మమ్మల్ని ఊళ్లో ఉన్న ఒక్క డాబా మీదికి తీసుకెళ్లారు. సాయంత్రం నీళ్లు రావడం నేను చూడలేదు, విన్నాను. ఆ చప్పుడు రైలుబండిది అనుకున్నాను. మా ఊరికి రైలు లేదు. ఆ రాత్రి తర్వాత తెల్లవారి చూసినవి సభలో చెప్పే సంగతులు కావు. లెక్కల్లో చచ్చిపోయినవాళ్లు పదివేల మంది. దివిసీమ వాళ్లు చెప్పే లెక్క అంతకన్నా పెద్దది.

తర్వాత మా పెద్దవాళ్లు అరుగుల మీద ఏళ్ల తరబడి చెప్పుకున్న మాట ఒకటుంది. మడ అడవి దట్టంగా ఉన్నచోట వెనకున్న పల్లెల్ని కెరటం కాస్త నెమ్మదించి తాకిందనీ, కొట్టుకుపోతూ మడకొమ్మలు పట్టుకుని బతికినవాళ్లు ఉన్నారనీ. చిన్నప్పుడు అది కథలాగే విన్నాను. ఆ మాట నేను ఎందుకు మర్చిపోయానో కాసేపట్లో చెబుతాను.

ఆరో తరగతికి నన్ను విజయవాడ పంపేశారు. కృష్ణలంకలో మా మేనమామ ఇల్లు, ఇక్కడ మన బడి. పేరు అడిగితే ఊరు చెప్పాను, ఊరు చెబితే ఉప్పెన సంగతి చెప్పాను. అంతే, ఆ రోజు నుంచి నా పేరు "ఉప్పెన". మా బ్యాచ్ వాళ్లు ఇప్పటికీ అలాగే పిలుస్తారు. ఇందాక భోజనాల దగ్గర మనవరాలిని ఎత్తుకున్న ఒక పెద్దమనిషి "ఒరే ఉప్పెనా, సాంబారు ఇటు పంపు" అన్నాడు.

ఎనిమిదో తరగతిలో సోషల్ మాస్టారు మమ్మల్ని వరసగా నడిపించి ప్రకాశం బ్యారేజీ చూపించారు. 70 గేట్లు, 1957లో పూర్తయింది, అంతకుముందు కాటన్ దొర కాలం నాటి ఆనకట్ట ఉండేది, అన్నీ నోట్సులో రాయించారు. ఎగువన నీళ్లు నిలబడి ఉన్నాయి, దిగువన ఇసుక. "ఈ నీళ్లు ఎక్కడికి పోతాయిరా?" అన్నారు. అందరూ బందరు కాలువ, ఏలూరు కాలువ అంటూ పేర్లు చెబుతున్నారు. నేను లేచి "మా ఊరికి సార్" అన్నాను. అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. "వీడు చెప్పింది కరక్టు. కె.ఇ.బి. కాలువలో పోయి, పులిగడ్డ దగ్గర అక్విడక్టు మీద ఏరు దాటి, వీడి ఊరికే పోతాయి. అక్కడ ఆఖరు. అక్కడ మిగిలితేనే సముద్రానికి" అన్నారు. మాస్టారు ఇవాళ రెండో వరసలో కూర్చున్నారు. సార్, మీరు ఆ మాట మర్చిపోయి ఉంటారు. నా ఉద్యోగమంతా ఆ మాట మీదే నడిచింది.

ఇక మర్చిపోయిన సంగతి.

ఇంజనీరింగ్ అయ్యాక రెండేళ్లు ఉద్యోగం లేదు. అది టైగర్ రొయ్య రోజులు. వరి రైతు కొడుకులు మోటారు సైకిళ్లు మానేసి కార్లెక్కుతున్న రోజులు. సీడు, మేత, ఏరేటర్లు, కౌంటు, ఈ మాటలు తప్ప టీ కొట్టు దగ్గర ఇంకో మాట వినపడేది కాదు. 1993లో మా ఊరి దగ్గర ఒక ఆసామి నలభై ఎకరాల్లో చెరువులు తవ్విస్తానని, లెవెల్స్ తీసిపెట్టమని నన్ను పిలిచాడు. ఆయన పేరు ఇక్కడ అనవసరం. డంపీ లెవెల్ అద్దెకు తెచ్చి, మా బాబాయి కొడుకు చేత స్టాఫ్ పట్టించి, పదిరోజులు తిరిగాను. నా జీవితంలో నా చేతికొచ్చిన మొదటి ఫీజు అది. అమ్మకి చీర కొన్నాను.

ఆ నలభై ఎకరాల్లో సగం ఉప్పు పర్ర, సగం మడ. తెల్లమడ, తిల్ల, అంచుల్లో ఇలకూర. తిల్ల పాలు కంట్లో పడితే కళ్లు పోతాయని మా వాళ్లు భయపడేవాళ్లు, కాబట్టి దాన్ని కొట్టకుండా తగలబెట్టారు. నేను గట్టు ఎంత ఎత్తు ఉండాలో, తూము అడుగు ఏ లెవెల్లో ఉండాలో లెక్కకట్టి ఇచ్చాను. పోటునీరు ఒక్క చుక్క మా ఇష్టం లేకుండా లోపలికి రాకూడదు, అదీ నాకు చెప్పిన పని. ఆ పని బాగా చేశాను. ఆ గట్లు ఇప్పటికీ ఉన్నాయి. నేను కట్టించినవాటిలో ఇంతకాలం నిలిచినవి ఇంకేవీ లేవేమో.

మొదటి పట్టుబడి బాగా వచ్చింది. 1994, 95ల్లో తెల్లమచ్చ తెగులు కోస్తా అంతా పాకింది. చెరువు గట్టు మీదికి రొయ్యలు వాటంతటవే వచ్చి చస్తుంటే చూశాను. ఆసామి చెరువులు వదిలేశాడు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, తర్వాత 2005లో చట్టం వచ్చింది, 2009 నుంచి వెన్నమి రకం వచ్చి రొయ్యల సాగు మళ్లీ లేచింది. అది వేరే కథ. రొయ్యల మీద బతుకుతున్న కుటుంబాలు ఈ సభలోనే ఉన్నాయి, వాళ్లని నేను తప్పుపట్టడం లేదు. తగిన చోట, తగిన నీటితో చేస్తే అదీ సేద్యమే. నేను చెప్పేది ఆ నలభై ఎకరాల సంగతి. అక్కడ రొయ్యా లేదు, మడా లేదు. గట్టు లోపల నేల తెల్లగా ఉప్పు పేరుకుని, ఎండలో పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. పీతలు కూడా బొరియలు వెయ్యవు.

దీనికి కారణం ఏమిటో నాకు 1999 ప్రాంతంలో గాని అర్థం కాలేదు. అప్పటికి ఉద్యోగంలో ఉన్నాను. అటవీశాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, పల్లెల్లో వాళ్ల కమిటీలు కలిసి కృష్ణా, గోదావరి మొగల్లో పాడైన మడ అడవిని మళ్లీ పెంచుతున్నారని తెలిసి, ఒక ఆదివారం చూడ్డానికి పోయాను. మొక్కలు నాటుతుంటారు అనుకున్నాను. అక్కడ కాలువలు తవ్వుతున్నారు.

ఇది మన పిల్లల కోసం కాస్త వివరంగా చెబుతాను. మడ అడవిని ఒకచోట పూర్తిగా నరికేస్తే ఎండ నేరుగా నేల మీద పడుతుంది. బురదలోని నీరు ఇగిరి నేల కుంగుతుంది. పళ్లెంలా అవుతుంది. పెద్ద పోటు వచ్చినప్పుడు నీళ్లు ఆ పళ్లెంలోకి వస్తాయి, పాటుకి వెనక్కి పోవు. అక్కడే నిలిచి, ఎండకి ఆవిరై, ఉప్పు మిగులుతుంది. మళ్లీ నీళ్లు, మళ్లీ ఉప్పు. కొన్నేళ్లకి మడచెట్టుకే పనికిరానంత ఉప్పవుతుంది. మడకి ఉప్పునీరంటే ఇష్టమని మనం అనుకుంటాం. దానికి కావలసింది వచ్చీపోయే నీరు. నిలవ ఉప్పు దానికీ విషమే.

కాబట్టి చేయవలసింది ఏమిటి? దగ్గర్లో ఉన్న పాయ నుంచి ఏటవాలుగా ఒక పెద్ద కాలువ, దానికి రెండువైపులా చేపముల్లులాగా పిల్ల కాలువలు. పైన వెడల్పు, అడుగున ఇరుకు. రోజూ పోటుకి నీరు లోపలికొచ్చి, పాటుకి ఉప్పుని కడుక్కుని బయటికి పోతుంది. మొక్కను కాలువ ఒడ్డు వాలు మీద మధ్యలో నాటాలి. కాస్త పైన నాటితే ఎండిపోతుంది, కాస్త కింద నాటితే మునిగి కుళ్లిపోతుంది. మన తీరంలో పోటుకీ పాటుకీ తేడా మీటరు, మహా అయితే మీటరున్నర. అందులో మొక్కకు పనికొచ్చే మేర జానెడు, మూరెడు. అంటే ఇది లెవెల్స్ పని. నా పని.

ఆ గట్టున నిలబడి ఎంతసేపు ఉండిపోయానో తెలియదు. నాకు కాలేజీలో నేర్పిందీ, ఉద్యోగంలో చేసిందీ ఒక్కటే: మంచినీరు కిందికి తీసుకెళ్లు, ఉప్పునీరు పైకి రానివ్వకు. కరకట్ట, తూము, తలుపు. వరికి అది సరైనదే, కాదనను. కానీ డెల్టా చివరి నాలుగు మైళ్లు వరి నేల కాదు. అక్కడ ఇంజనీరు చేయవలసిన పని నీటికి అడ్డం పడటం కాదు, దారివ్వడం. స్టాఫ్ పట్టుకున్న జాలరి కుర్రాడికి ఈ సంగతి నాకన్నా ముందే తెలుసు. "పోటు ఎక్కడిదాకా వస్తదో నన్నడగండి సార్, మిషనెందుకు" అన్నాడు. మిషను చూపించిందీ, వాడు చూపించిందీ నాలుగు అంగుళాల తేడాలో ఉన్నాయి.

ఆ కాలువలు ఒకసారి తవ్వితే చాలదు, పూడిపోతాయి, రెండు మూడేళ్లకోసారి పూడిక తియ్యాలి. డబ్బున్నంత కాలం తీస్తారు, తర్వాత మర్చిపోతారు. ఈ మాట కూడా చెప్పకపోతే అబద్ధం చెప్పినవాణ్ణవుతాను.

ఇక ఆల్చిప్ప. మడవేళ్ల మీద, మొగల్లోని కొయ్యల మీద అది ఎందుకు కూర్చుంటుందంటే, పుట్టినప్పుడు అది నీళ్లలో తేలే నలుసు. కొన్ని వారాలు తేలి, గట్టిగా ఉన్నదేదైనా దొరికితే దాన్ని అంటుకుంటుంది. ఇక జన్మంతా అక్కడే. తిండి వెతుక్కుంటూ పోలేదు, వచ్చిన నీటినే వడపోసుకుని తింటుంది. అమెరికా తూర్పు తీరపు రకం పరిస్థితులు అనుకూలిస్తే రోజుకి 190 లీటర్ల దాకా నీరు వడపోస్తుందని చెబుతారు. మేత లేదు, ఏరేటరు లేదు, మందు లేదు. మనది మద్రాసు రకం అంటారు. 1970ల్లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వాళ్లు తూత్తుకుడిలో దీని సాగు మీద పనిచేశారు. 1990ల నుంచి కేరళలో అష్టముడి సరస్సు చుట్టుపక్కల ఆడవాళ్ల సంఘాలు చేస్తున్నాయి. కర్రలతో పందిరి వేసి, తాడుకి అయిదారు ఖాళీ చిప్పలు గుచ్చి వేలాడదీస్తారు. నలుసులు వాటినే అంటుకుంటాయి. ఏడాది లోపు అమ్మకానికి వస్తాయి. ఉత్తర కేరళలో పడన్న దగ్గరైతే ఈ చిప్పల సాగునే చూపిస్తూ యాత్రికులకు వసతి కూడా నడుపుతున్నారు.

మరి మనకెందుకు లేదు? తినే అలవాటు లేదన్నది ఒక జవాబు. అలవాటుదేముంది, చైనా నూడుల్స్ తినే అలవాటు మన అమ్మమ్మకి ఉందా? నాకు తోచిన అసలు జవాబు వేరు. ఆల్చిప్ప తనకు వచ్చిన నీటినే తింటుంది అన్నాను కదా. మంచి నీళ్లొస్తే మంచివి, మురుగొస్తే మురుగు. అందుకే అమ్మేముందు వాటిని శుభ్రమైన నీటిలో ఉంచి కడుపు కడిగిస్తారు. డెల్టాలో పంట కాలువ ఎంత పొడుగుందో మురుగు కాలువా దాదాపు అంత పొడుగుంది. ఊళ్ల మురుగు, పొలాల మందులు, చెరువుల నీళ్లు, ఆసుపత్రి వెనక పారేసినవి, అన్నీ కిందికే. ఇక మొగలో సాగుచేసిన ఆల్చిప్పను పచ్చిగా నిమ్మరసం పిండుకుని తినమంటే నేనైతే తినను.

జపాన్లో కెసెన్నుమ అనే తీరపు ఊరుంది. అక్కడ హతకెయామ షిగెఅత్సు అనే ఆల్చిప్పల రైతు ఉండేవారు. వాళ్ల సముద్రంలో ఎర్రనీరు వచ్చి, చిప్పల మాంసం ఎర్రగా మారి, కొనేవాళ్లు లేకుండా పోయారు. ఆయన సముద్రాన్ని చూసి ఊరుకోలేదు. ఆ తీరానికి వచ్చే ఏరు ఎక్కడ పుడుతుందో ఆ కొండ ఎక్కి, 1989 నుంచి తోటి చేపలవాళ్లతో కలిసి చెట్లు నాటాడు. ఏటి పొడుగునా ఉన్న బళ్ల పిల్లల్ని తీరానికి పిలిచి చిప్పలు చూపించాడు. 2011 సునామీలో ఆయన తెప్పలన్నీ పోయాయి. మళ్లీ మొదలుపెట్టాడు. నేను ఆ ఊరు వెళ్లలేదు, ఆయన గురించి చదివాను. చదివినప్పుడు గుర్తొచ్చింది మన సోషల్ మాస్టారే.

ఎందుకంటే మనం ఆ కొండ మీద ఉన్నవాళ్లం. విజయవాడ వాళ్లం. మొన్న 2024 సెప్టెంబరులో బుడమేరు మన వీధుల్లోకి వచ్చినప్పుడు, బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటి పోయినప్పుడు, వారం రోజులు అందరం నీళ్ల గురించే మాట్లాడాం. ఆ వారం దివిసీమ లంకల్లో అరటి, పసుపు తోటలు మునిగాయి. నీరు తీశాక మనం ఇళ్లు కడుక్కున్నాం, చెత్తంతా కాలువలోకి తోశాం. మిగతా ఏడాది సంగతి ఇంకో తీరు. చాలా నెలలు బ్యారేజీ దిగువకు నీరు పోనే పోదు. బ్యారేజీ దగ్గర కొలిచిన ఒండ్రు లెక్క ఒకటి చెబుతాను. 1966-69 మధ్య ఏడాదికి దాదాపు 90 లక్షల టన్నులు. 2000-2005 నాటికి 4 లక్షల టన్నులు. మిగతాదంతా ఎగువ జలాశయాల్లో ఉండిపోతోంది. డెల్టా అంటేనే ఒండ్రు. ఒండ్రు రాని డెల్టాను సముద్రం తినేస్తుంది, తింటోంది కూడా. మా ఊరివాళ్లు చూపుడువేలితో చూపిస్తారు, చిన్నప్పుడు మేం ఆడుకున్న దిబ్బ ఇప్పుడు అదిగో ఆ కెరటం దగ్గర అని.

ఈ మాటలన్నీ ఇవాళ ఎందుకు చెబుతున్నానంటే, ఒక కారణం ఉంది. మా బ్యాచ్ మిత్రులు కొందరు ఆర్నెల్ల కిందట నన్ను పిలిచారు. హంసలదీవికి జనం బాగా వస్తున్నారు, మాఘ పౌర్ణమికైతే చెప్పక్కర్లేదు, సంగమం ఉంది, గుడి ఉంది, మడ అడవి ఉంది, 2028లో పుష్కరాలు. అందరం తలా కొంత వేసి రిసార్టు పెడదాం, స్థలం చూశాం, పట్టా భూమే, నువ్వు లోకల్ వాడివి, ఇంజనీరువి, లెవెల్స్ చూసి మెరక ఎంత తోలాలో చెప్పు అన్నారు. వాట్సాప్‌లో స్థలం పటం పంపారు. తెరిచి చూశాను. ఆ నలభై ఎకరాలు.

ఆర్నెల్లు జవాబివ్వలేదు. వాళ్లు నేను బెట్టు చేస్తున్నాననుకున్నారు. ఇవాళ మైకు ఉంది కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను. ఒరే, నేను అక్కడికి మళ్లీ ఒకసారి లెవెల్ తీసుకొస్తాను. కానీ మెరక తోలడానికి కాదు.

పట్టా అయినంత మాత్రాన కట్టుకోలేం. పక్కనే మడ ఉంది, పాయ ఉంది, తీరప్రాంత నిబంధనలు ఉన్నాయి. పైగా ఆ నేల మీద ఎంత మెరక తోలినా 1977లో నీళ్లు వచ్చిన ఎత్తుకి సరిపోదు. రాత్రి అక్కడ పడుకునే అతిథికి మీరు ఏం చెబుతారు? నేనైతే పగటి యాత్ర తప్ప అక్కడ ఇంకేదీ ఒప్పుకోను.

నేను చేద్దామంటున్నది ఇది. నేను కట్టించిన గట్టుకి రెండు మూడు చోట్ల గండి కొడదాం, ఎక్కడ కొట్టాలో నాకు తెలుసు, తూములు ఎక్కడ పెట్టించానో నాకు గుర్తే. లోపల చేపముల్లు కాలువలు తవ్విద్దాం. తెల్లమడ విత్తనం నీళ్ల మీద తేలుతూ వచ్చి దానంతటదే మొలుస్తుంది, రానిచోట నాటిద్దాం. ఇది మన ఊహ కాదు. సొర్లగొంది దగ్గర స్వామినాథన్ సంస్థ వాళ్లు చెరువుల గట్ల మీద, లోపల మడ పెంచి, పోటునీటితోనే చేపలు, పీతలు పెంచే పద్ధతి చేసి చూపించారు. మండపీతకు ఇవాళ ధర ఎంతో నాకన్నా మీకే బాగా తెలుసు. పక్క పాయలో సర్వి కర్రల పందిరి ఒకటి వేసి, పది తాళ్లు వేలాడదీసి ఆల్చిప్పలు వస్తాయేమో చూద్దాం. తినడానికి కాదు. ముందు ఏడాది పాటు వాటిని పరీక్షకు పంపుదాం, వాటి కడుపులో ఏముందో చూస్తే మన విజయవాడ కిందికి ఏం పంపుతోందో తెలుస్తుంది. వరదల్లో తీపినీరు ఎక్కువ రోజులు నిలిస్తే చచ్చిపోతాయి కూడా. అదీ రాసుకుందాం. న్యూయార్కులో 2014 నుంచి బడి పిల్లలతో కలిసి ఓడరేవులో ఆల్చిప్పల్ని మళ్లీ పెంచుతున్నారు, హోటళ్లలో తిని పారేసిన చిప్పల్ని పోగుచేసి. అక్కడా ఆ నీటిలోవి తినరు. వాళ్ల పిల్లలు కొలతలు తీస్తారు. మన బడి పిల్లలకి ఆ పని చేతకాదా?

యాత్రికులు వస్తారు. రానివ్వండి. కోరంగిలో మడ అడవి మధ్య చెక్క వంతెన వేసి చూపిస్తున్నారు, జనం టిక్కెట్టు కొనుక్కుని వెళ్తున్నారు. ఇక్కడా పడవ జాలర్లది, టిక్కెట్టు వాళ్లది, వండిపెట్టేది వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు. బావురుపిల్లి కనపడకపోవచ్చు, అది రాత్రిళ్లు తిరుగుతుంది. దాని అడుగుజాడ బురదలో కనపడుతుంది, అది చాలు. తాబేళ్లు గుడ్లుపెట్టే నెలల్లో ఒడ్డున దీపాలు, డీజేలు వద్దు. ప్లాస్టిక్ సీసా తెచ్చినవాడు దాన్ని వెనక్కి పట్టుకెళ్లాలి. ఇందులో లాభమెంత అని మిత్రుడొకడు ఇప్పుడే సైగ చేస్తున్నాడు. రిసార్టు అంత రాదురా. అప్పు తీరేంత వస్తుందేమో, నా అప్పు మాట చెబుతున్నాను.

మా అమ్మ పోయి నాలుగేళ్లయింది. ఆ మొదటి ఫీజుతో కొన్న చీర పెట్టెలో అలాగే ఉంది. ఆ డబ్బు ఎక్కడిదో ఆవిడకి తెలుసు, తగలబడిన తిల్ల వాసన మా ఇంటిదాకా వచ్చింది. నన్ను ఒక్కమాట అనలేదు. ఆ చీర మాత్రం కట్టుకోలేదు.

సమయం అయిపోయిందని కార్యదర్శిగారు వాచీ చూపిస్తున్నారు. ఒక్క నిమిషం సార్. వచ్చే నెల రెండో ఆదివారం అమావాస్య దగ్గర్లో ఉంది, పోటు బాగా వస్తుంది, గండి ఎక్కడ కొట్టాలో గుర్తులు పెట్టడానికి అనువైన రోజు. పొద్దున అయిదింటికి బడి గేటు దగ్గర నుంచి వ్యాను బయల్దేరుతుంది. పదమూడు సీట్లు. సోషల్ మాస్టారికి ముందు సీటు ఉంచాను. వచ్చేవాళ్లు భోజనాల దగ్గర పేర్లివ్వండి. బురదలో చెప్పులు నిలవవు, పాత కాన్వాస్ బూట్లు తెచ్చుకోండి. ఆల్చిప్ప అంచు బ్లేడు కన్నా పదును.